ముగ్గురు డాక్టర్లు మూడు జబ్బుల పేర్లు చెప్పారు, ఎవరిని నమ్మాలి?

అమ్మా, మీ తమ్ముడి జబ్బు గురించి మీరు రాసిన దాంట్లో అన్నిటికంటే పనికొచ్చే మాట ఆఖర్న ఉంది, అదీ ఏదో గుర్తొచ్చి తగిలించినట్టు. "మా చిన్న మామయ్య కూడా ఏడాదిలో కొన్ని నెలలు గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు, మళ్లీ కొన్ని నెలలు అప్పులు చేసి వ్యాపారాలు మొదలుపెట్టేవాడు, కానీ ఆయనకు జబ్బంటూ ఏమీ లేదు" అన్నారు. ఈ మాట ఆ ముగ్గురు డాక్టర్లలో ఒక్కరికైనా చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. మన ఇళ్లలో ఇలాంటివి జబ్బు లెక్కలోకి రావు, "ఆయన తీరే అంత" అనే లెక్కలో పోతాయి. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని కూడా అప్పట్లో అనుకునే ఉంటారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అనే సామెత ఊరికే పుట్టలేదు.

మిగతా చదివేవాళ్ల కోసం సంగతి చెప్తాను. ఈ అమ్మాయిది తెనాలి పక్క పల్లె. తమ్ముడికి ఇరవై ఏళ్లు, విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. కిందటి వానాకాలంలో స్నానం, క్లాసులు మానేసి రోజుకి పన్నెండు పద్నాలుగు గంటలు పడుకుంటుంటే గుంటూరులో ఒక డాక్టరు డిప్రెషన్ అని ఎస్కిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాశారు. మూడు వారాలకి కుర్రాడు లేచి తిరుగుతుంటే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. దసరా సెలవులకి వచ్చేసరికి రాత్రి రెండు మూడు గంటలే నిద్ర, నోరు ఆగదు, లోన్ యాప్‌లో అప్పు తీసి సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాడు, ఎవరికీ అర్థం కాని కంపెనీ ఒకటి పెడతానన్నాడు. తర్వాత వార్డెన్ మీద చెయ్యి చేసుకుంటే విజయవాడలో ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మూత్ర పరీక్షలో గంజాయి తేలింది, గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టు తోచే స్థితి, అన్నారు. మూడో డాక్టరు బైపోలార్, అంటే కొన్నాళ్లు డిప్రెషన్, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు, అని చెప్పి లిథియం, ఒలాంజపిన్ అనే మందులు పెట్టారు. ఇప్పుడు నెమ్మదించాడు గానీ మగతగా ఉంటున్నాడు, ఒళ్లు చేశాడు. రక్తం, స్కాను అన్నీ నార్మల్. జబ్బేంటో తేలనివాడికి ఇన్ని మందులేంటి, ఆపేయండి అని పెదనాన్న గారు. మే నెలలో ఈ అమ్మాయి పెళ్లి.

నేను గుంటూరు, విజయవాడల్లో సైకియాట్రీ ప్రాక్టీసు చేస్తూ తల నెరిసినవాడిని. కళ్లతో చూడని పేషెంటుకి జబ్బు పేరు పెట్టను. కానీ మీరు రాసిన క్రమం చదివితే ముగ్గురిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదని చెప్పగలను, మూడో ఆయన మాటకే బలం ఎక్కువ ఉందని కూడా.

మొదటి డాక్టరు చూసిన రోజున కుర్రాడికి ఉన్నది డిప్రెషనే. బైపోలార్‌లో వచ్చే డిప్రెషన్, మామూలు డిప్రెషన్, ఎదురుగా కూర్చోబెట్టి చూస్తే దాదాపు ఒకలాగే ఉంటాయి. తేడా వెనక జరిగిన కథలో దొరకాలి, లేదంటే ముందు ముందు జరిగేదాంట్లో బయటపడాలి. చిన్న వయసులోనే రావడం, నిద్ర పట్టకపోవడానికి బదులు అదేపనిగా పడుకోవడం, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఎత్తుపల్లాలు ఉండటం, ఇవి కనిపిస్తే అనుమానపడాలి. మొదటి రెండూ మీ తమ్ముడిలో ఉన్నాయి, మూడోది మీ మామయ్య. ఓపీలో ఎంత రద్దీ ఉన్నా డిప్రెషన్‌తో వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ "ఎప్పుడైనా దీనికి పూర్తి ఉల్టాగా, నిద్ర లేకపోయినా అలసట లేకుండా, అతి హుషారుగా ఉన్నాడా, ఇంట్లో ఇంకెవరైనా అలా ఉన్నారా" అని అడగాలి. అడగకపోతే మీరైనా చెప్పాలి. మధ్యలో ఒక్క రీలు చూపించి సినిమా కథంతా చెప్పమంటే ఎవరు చెప్తారు?

బైపోలార్ ఉన్నవాళ్లకి యాంటీడిప్రెసెంట్, అంటే డిప్రెషన్ మందు, ఒక్కటే ఇస్తే కొందరిని అది మేనియాలోకి, అంటే అదుపులేని అతి హుషారులోకి, ఎక్కిస్తుంది. మీ ఇంట్లో సంబరపడిన ఆ మూడు వారాల దగ్గరే నాకు గంట మోగింది. డిప్రెషన్ మందుకి మనిషి కోలుకునేది మెల్లగా, పాత మనిషి కొంచెం కొంచెంగా తిరిగొస్తాడు. ముందు నిద్ర, ఆకలి సర్దుకుంటాయి, మనసు తేలికపడటానికి ఇంకా టైమ్ పడుతుంది. పాత మనిషి దగ్గర ఆగకుండా దాటిపోయి, ఎన్నడూ లేనంత మాటకారి, దాత, వ్యాపారవేత్త అయిపోతుంటే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాల్సిన టైమ్ అది. మందు ప్రభావం పోయాక కూడా ఆ స్థితి పూర్తిస్థాయిలో కొనసాగితే దాన్ని బైపోలార్‌గానే లెక్కవేయమని జబ్బు పేరు తేల్చడానికి మేము వాడే రెండు పద్ధతులూ చెప్తాయి, అమెరికావాళ్లు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో పెట్టిన ఐసీడీ-11. ఆ మందు ఎప్పుడు ఆపారు, ఆపాక ఎన్నాళ్లు అలా ఉన్నాడు అనే తేదీలు మీ ప్రశ్నలో లేవు. అవి వెతికి పట్టుకోండి, ముఖ్యం.

నిద్ర గురించి ఒక మాట. డిప్రెషన్‌లో, టెన్షన్‌లో నిద్ర పట్టనివాడు పొద్దున్నే నీరసంగా, విసుగ్గా ఉంటాడు, కాసేపు పడుకుంటే బాగుండునని ఏడుస్తాడు. మేనియాలో ఉన్నవాడు రెండు గంటలు పడుకుని లేచి తెల్లవారుజామున నాలుగింటికి బీరువా సర్దుతుంటాడు, నిద్ర అవసరమే లేదంటాడు. పుస్తకంలో మేనియాకి కనీసం వారం రోజులు, కాస్త తక్కువ మోతాదు హైపోమేనియాకి నాలుగు రోజులు అని ఉంటుంది గానీ ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే రోజుల లెక్క చూడం.

గంజాయి సంగతి. పరీక్ష పాజిటివ్ వస్తే వాడాడని తేలింది, అంతే. జబ్బుకి కారణం అదేనని తేలలేదు. అప్పుడప్పుడూ తాగేవాడికి మూత్రంలో కొద్ది రోజులు కనిపిస్తుంది, రోజూ తాగేవాడికి వారాల తరబడి కనిపిస్తుంది. హుషారు ముందు వచ్చిందా, గంజాయి ముందు వచ్చిందా? మేనియాలో ఉన్న కుర్రాడు దొరికిన ప్రతిదీ రుచి చూస్తాడు కాబట్టి ఈ క్రమం తెలియకుండా తీర్పు చెప్పలేం. పూర్తిగా మానేసి నెల దాటాక కూడా లక్షణాలు ఉంటే గంజాయి మీదకి తోసేయడం కష్టం. రెండో ఆసుపత్రివాళ్లు ఎమర్జెన్సీలో, కొట్లాడుతున్న మనిషిని, హాస్టల్ స్నేహితులు చెప్పిన ముక్కలతో చూశారు, ఆ పూటకి వాళ్ల ముందున్న సాక్ష్యం అదే. అయితే ఇది విని మీ తమ్ముడు "చూశావా, గంజాయికి సంబంధం లేదట" అంటే ఒప్పుకోకండి. ఏ పేరు ఖాయమైనా గంజాయి దాన్ని ముదరబెడుతుంది, మందుల్ని పనిచేయనివ్వదు. స్నేహితుల రూమ్ మార్చాల్సి వస్తే మార్చండి, హాస్టల్ మానేసి తెనాలి నుంచి రైల్లో వెళ్లొచ్చినా నష్టం లేదు.

అన్నీ నార్మల్ అయినప్పుడు జబ్బు ఎలా ఉందంటారు అని మీ పెదనాన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. బైపోలార్‌ని గానీ డిప్రెషన్‌ని గానీ పట్టిచ్చే రక్త పరీక్ష ఈ రోజుకి ఎక్కడా లేదు. మరి ఎందుకు చేస్తామంటే వేరే జబ్బులు ఈ వేషం వేసుకుని వస్తాయి. థైరాయిడ్ తగ్గితే డిప్రెషన్‌లా, పెరిగితే మేనియాలా కనిపించవచ్చు. బి12 తక్కువైనా, రక్తం బాగా తక్కువైనా మనిషి నీరసంగా, ముభావంగా అయిపోతాడు. ఆస్తమాకో కీళ్లకో వాడే స్టెరాయిడ్ మాత్రలు కూడా మనిషిని పైకి లేపేస్తాయి. ఇవన్నీ నార్మల్ వచ్చాయంటే ఆ దారులు మూసుకున్నాయని అర్థం, మంచిదే. స్కాను అందరికీ అక్కర్లేదు, ఫిట్స్, తలకు దెబ్బ, స్పృహలో తేడా ఉన్నా, నడివయసు దాటాక మొదటిసారి వచ్చినా చేయించాలి. కంప్యూటర్‌లో మెదడుకి రంగులేసి చూపించి "ఇదిగో ఇక్కడ డిప్రెషన్" అనేవాళ్లు ఉన్నారు, ఆ డబ్బుతో పిల్లాడి కాలేజీ ఫీజు కట్టుకోండి. ఫోన్‌లో నింపే తొమ్మిది ప్రశ్నల పరీక్ష, పీహెచ్‌క్యూ-9, అది పనికిరానిది కాదు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ని కలవండి అని చెప్తుంది. కానీ ఆ తొమ్మిదింట్లో మేనియా గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

కాబట్టి మీ చేతిలో ఉన్న అసలు పరీక్ష ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం. ఇంటర్ చదివే రోజుల నుంచి మొదలుపెట్టి ఏ నెలలో ఎలా ఉన్నాడో అమ్మనీ, నాన్ననీ, ఇద్దరు స్నేహితుల్నీ విడివిడిగా అడిగి రాయండి. తేదీ గుర్తులేకపోతే "సంక్రాంతి తర్వాత", "సెమిస్టర్ పరీక్షలప్పుడు" అని రాసినా చాలు. ఏ మందు ఎప్పుడు మొదలు, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపారు, పాత చీటీలన్నీ అందులో అంటించండి. ఫోన్‌పే స్టేట్‌మెంటు కూడా తీయండి, నవ్వుకోకండి, అర్ధరాత్రి ఖర్చులు ఏ వారంలో మొదలయ్యాయో అది అబద్ధం చెప్పదు. మామయ్య కథ ఒక పేజీ. రెండో ఆసుపత్రి రికార్డులు లేవంటే వెళ్లి అడగండి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన వైద్య రికార్డులు తీసుకునే హక్కు మీ తమ్ముడికి ఉంది, సంతకం పెట్టించుకుని తీసుకెళ్లండి. ఇవన్నీ పట్టుకుని ఒకే డాక్టరు దగ్గర నిలబడండి. ఆరు నెలలకి ఒక కొత్త డాక్టరు అంటే ప్రతి ఒక్కరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే దాచకుండా పాత ఫైలుతో సహా వెళ్లండి. గుంటూరు పెద్దాసుపత్రిలో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి, లైను ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి.

ఇక మందులు. లిథియం పేరు వింటే భయపడేవాళ్లు చాలామంది. ఇది 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకి పనిచేస్తుందని రాసినప్పటి నుంచి వాడుకలో ఉంది, ఖరీదు తక్కువ, ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న మందు. కాకపోతే క్రమశిక్షణ కావాలి, ఎందుకంటే సరిపడే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య జాగా తక్కువ. రక్తంలో లిథియం లెవెల్ 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతాం, 1.5 దాటితే ప్రమాదం. మోతాదు మార్చిన వారానికి ఒకసారి, కుదురుకున్నాక సుమారు మూడు నెలలకి ఒకసారి లెవెల్ చూడాలి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిదికి, ఆ పూట మాత్ర వేసుకోక ముందే రక్తం ఇవ్వాలి, మాత్ర మింగి ల్యాబ్‌కి వెళ్తే ఆ అంకె చెత్తబుట్టకి. థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) ఆరు నెలలకోసారి. మీ ప్రశ్నలో లెవెల్ ఎంతో రాయలేదు. చేయించి ఉండకపోతే రేపే అడగండి.

మన ప్రాంతంలో లిథియం వాడేవాళ్లకి అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ. బెజవాడలో మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. చెమటతో ఒంట్లో నీరూ ఉప్పూ పోతే మూత్రపిండాలు లిథియాన్ని పట్టి ఉంచుతాయి, అదే మోతాదు వేసుకుంటున్నా లెవెల్ పెరుగుతుంది. నీళ్లు, మజ్జిగ బాగా తాగించండి, ఉప్పు ఉన్నట్టుండి మానేయకూడదు, ఉపవాసాలు వద్దు. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా లెవెల్ పెంచుతాయి, పారాసిటమాల్ చాలు. బీపీ మాత్రల్లోనూ కొన్ని పడవు కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా లిథియం వాడుతున్నాడని చెప్పాలి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం వీటిలో ఏది కనిపించినా ఆ పూట మాత్ర ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి లెవెల్ చేయించండి.

మగత, ఒళ్లు రావడం ఎక్కువగా ఒలాంజపిన్ పని. మేనియా అణచడానికి అది బాగా పనిచేస్తుంది, కానీ ఆకలి విపరీతంగా పెంచుతుంది, షుగర్, కొలెస్ట్రాల్ కూడా పెంచగలదు. నెల నెలా బరువు చూసి ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, తగ్గిస్తారా, వేరేది మారుస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. చాలామంది ఇక్కడే ఏం చేస్తారంటే డాక్టరుకి చెప్పకుండా ఇంట్లోనే అన్నీ ఒక్కసారిగా ఆపేస్తారు, లిథియంతో సహా. లిథియం హఠాత్తుగా ఆపితే మేనియా తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. ఎప్పుడైనా ఆపాల్సి వచ్చినా వారాలు, వీలైతే నెలల మీద తగ్గిస్తాం. అది పెదనాన్న గారికి ఇదే మాటల్లో చెప్పండి. కోపం తెచ్చుకోకండి, ఆయన పెద్దవాడు, పిల్లాడి మీద ప్రేమతోనే అంటున్నాడు.

జీవితాంతమా అని అడిగారు. ఒకసారి మేనియా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మళ్లీ వస్తుంది. అందుకని కొన్నేళ్లు వాడమంటాం, మీ మామయ్య లాంటి చరిత్ర ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త పడతాం. అంతకుమించి ఇప్పుడే ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండేళ్లు గడిచాక ఆ నోటుపుస్తకం చూసి మాట్లాడుకోవాల్సిన విషయం అది.

మందులు లేకుండా కౌన్సెలింగ్‌తో పోతుందా అంటే, మేనియాకి పోదు. కుదుటపడ్డాక మాత్రం క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కూర్చోవడం చాలా మేలు చేస్తుంది, తన హుషారు ఎక్కడ గీత దాటుతోందో తనే పసిగట్టడం నేర్పుతారు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ చదివి వచ్చినవాళ్లు కారు.

పెదకాకానికి వెళ్తారా, గుణదల మేరీమాత దగ్గరికి వెళ్తారా, దర్గాకి వెళ్తారా, వెళ్లండి, మీ అమ్మగారికి ఆ ధైర్యం కావాలి, మాత్ర వేళకి పడితే నాకేం అభ్యంతరం లేదు. ఎవరో చెప్పిన ఆశ్రమంలో వదిలేసి రావడం మాత్రం వద్దు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో తప్పించుకోలేక చనిపోయారు. ఇప్పుడు ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టేయడం ఆ 2017 చట్టం ప్రకారం నిషేధం. కరెంటు షాకు గురించి మీ అమ్మగారి భయం కూడా పాత సినిమాల్లో చూసింది. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని అదే చట్టం నిషేధించింది, మీ తమ్ముడికి ఎవరూ దాన్ని సూచించలేదు కూడా, వదిలేయండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మేనియా దిగాక చాలామంది మళ్లీ డిప్రెషన్‌లోకి జారతారు, పైగా అప్పులు, కాలేజీలో పోయిన పరువు అన్నీ అప్పుడే కళ్లముందు నిలబడతాయి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా" అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. మీది మిర్చి, పత్తి వేసే ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి పొలం దగ్గర తాళంలో పెట్టించండి. మాత్రలు మీ అమ్మ దగ్గర ఉండాలి, లిథియం ఒకేసారి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున ఏదైనా జరిగితే పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చేయకండి, తీవ్రమైన ఒత్తిడిలో చేశాడనే చట్టం భావిస్తుంది, శిక్ష వేయదు. అర్ధరాత్రి మాట్లాడటానికి ఎవరూ లేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

పెళ్లివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. నన్నడిగితే కాబోయే భర్తకి మీరే నేరుగా చెప్పడం మేలు, తర్వాత ఎవరో చెవిలో వేసేకంటే. మీ తమ్ముణ్ణి పెళ్లిలో దాచిపెట్టాలనే ఆలోచన మాత్రం వద్దు. అయితే పెళ్లికూతురి తమ్ముడంటే పనులన్నీ నెత్తినేసుకుని మూడు రాత్రులు మేలుకుంటాడు, మేనియా తిరగబెట్టడానికి అది చాలు. ముహూర్తం అర్ధరాత్రి అయితే సాయంత్రమే నాలుగు గంటలు పడుకోబెట్టండి, తాళి కట్టే వేళకి లేపండి, అక్షింతలు వేశాక మళ్లీ పడుకోమనండి. విడిదిలో ఏసీ ఉన్న గది ఒకటి వాడికోసం పెట్టి, మాత్రలు ఇచ్చే బాధ్యత పెళ్లి పనుల్లో లేని ఒక బంధువుకి అప్పజెప్పండి, ఆ రోజు మీ అమ్మగారికి గుర్తుండదు. స్నేహితులు మందు పార్టీ అంటే వద్దని ముందే చెప్పేయండి. పెళ్లికి పది రోజుల ముందు లెవెల్ చేయించి, ఆ కాగితంతో డాక్టర్ని ఒకసారి కలిసి రండి, వేసవికి మోతాదు ఏమైనా మార్చాలా అనేది ఆయన చూస్తారు.